చక్రానికి కట్టిన చొక్కా

“చెప్పులు పడవల రేవు మీద దొరికాయి. శవం రేవుకీ తూముకీ మధ్య తేలింది. ఒంటి మీద కత్తిగాటు లేదు, కడుపులో మందు లేదు. పొద్దున్నే రేవు మీంచి దూకాడు, కండరాలు పట్టేశాయి, పోయాడు. కేసు మూసేశాను. ఇంకేం కావాలక్కా నీకు?”

“చొక్కా,” అంది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ చేతిలోని పెన్ను బల్ల మీద పడేశాడు. ఒకప్పుడు ఇదే గదిలో ఆమె కుర్చీ పక్కన నిలబడి పని నేర్చుకున్నవాడు. ఆమె ఉద్యోగం వదిలేసి సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాక ఆ కుర్చీ అతనికి వచ్చింది. ‘అక్కా’ అనే పిలుపు మిగిలింది గానీ అందులోని గౌరవం ఎప్పుడో ఆవిరైపోయింది.

“ఏ చొక్కా?”

“అదే నేనూ అడుగుతున్నా. వయసొచ్చిన కుర్రాడు లాగూ చెప్పులూ వేసుకుని, చొక్కా లేకుండా ఇంట్లోంచి బయల్దేరతాడా?”

“ఈతకి దిగేవాడు చొక్కా తొడుక్కుని దిగుతాడా? విప్పి ఎక్కడో పడేసి ఉంటాడు. గాలికి పోయుంటుంది.”

“చెప్పులు మాత్రం పక్కపక్కనే బుద్ధిగా సర్దిపెట్టి, చొక్కా గాలికి వదిలేశాడు. బాగుంది.”

చనిపోయిన కుర్రాడిని అందరూ చేప అనేవారు, కన్నతల్లితో సహా. మట్టికట్ట చెరువులో లైఫ్‌గార్డ్. చేప నీళ్ళలో మునిగి చచ్చిపోయాడన్న కబురు విన్నవాళ్ళు ముందు నవ్వబోయి, ఆ తర్వాత నోరు మూసుకున్నారు. నవ్వు రానిది డిటెక్టివ్ ఒక్కదానికే. యాభైకి దగ్గర పడుతున్న ఆమెను కిందటి వేసవిలో నీళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టింది వాడే. వీపు కింద అరచెయ్యి ఆనించి, “నీళ్ళతో పోట్లాడకండి ఆంటీ. ఊరికే పడుకోండి, నేనున్నాగా,” అనేవాడు. ఒకరోజు ఆ చెయ్యి ఎప్పుడు తీసేశాడో ఆమెకు తెలియనే లేదు. కళ్ళు తెరిచి చూస్తే వాడు గట్టు మీద కూర్చుని పళ్ళికిలిస్తున్నాడు.

వీపు కింది ఆ చెయ్యి ఇప్పుడు లేదు. మూడు రోజుల నుంచి ఆమెకు ప్రతి కుర్చీలోనూ మునిగిపోతున్నట్టే ఉంది.

“ఛాతీ మీద గళ్ళు గళ్ళుగా కమిలిన గుర్తులున్నాయి. అవేంటి?”

“రేవు మెట్ల ఊచలు. పైకి తీసేటప్పుడు ఒత్తుకున్నాయి.”

“మెట్ల ఊచలు అడ్డంగానే ఉంటాయి తమ్ముడూ. వాడి ఛాతీ మీద అడ్డగీతలూ ఉన్నాయి, నిలువు గీతలూ ఉన్నాయి. సరే, అది తర్వాత. చెప్పులు చూపించు.”

అతను గొణుక్కుంటూ బీరువాలోంచి ప్లాస్టిక్ సంచీ తీశాడు. డిటెక్టివ్ ఒక చెప్పును తిరగేసి కిటికీ వెలుగులో పెట్టింది. అడుగున ఉన్న గాడుల నిండా పసుపుపచ్చ బంకమట్టి ఎండి బిగుసుకుపోయి ఉంది.

“ఈ మట్టి ఎక్కడిది?”

“చెరువు దగ్గర మట్టి కాక బంగారం అంటుకుంటుందా?”

“రేవు సిమెంటు. రేవుకి వెళ్ళే దారంతా కంకర. కట్ట మీద ఒత్తుగా గడ్డి. ఈ రంగు మట్టి పైన ఎక్కడా లేదు. కట్ట కట్టినప్పుడు నీళ్ళు ఇంకకుండా లోపల నింపారు దీన్ని. కట్ట కడుపులో ఉండాల్సిన మట్టి వీడి కాళ్ళకెలా అంటింది? అది ఒక ప్రశ్న. ఆ మట్టితో అంత దూరం కంకర మీద నడిస్తే గాడుల్లో ఇంత మిగులుతుందా? అది రెండోది.” ఆమె చెప్పును సంచీలో పెట్టింది. “ఈ చెప్పులు రేవు దాకా నడిచి రాలేదు. ఎవరో చేత్తో పట్టుకొచ్చి పెట్టారు.”

ఇన్‌స్పెక్టర్ గోడ గడియారం వంక చూశాడు. “మధ్యాహ్నం అక్కడ చేప పేరు మీద ఈత పోటీ పెట్టారు. నన్ను కూడా పిలిచారు. ఎలాగూ వెళ్ళాలి, పద. నీ ముచ్చట కూడా తీరుతుంది. మళ్ళీ నన్ను అడక్కూడదు.”

* * *

చెరువులో పడవలూ ఈత సరదాలూ నడిపే మేనేజర్ తన ఆఫీసులో లైఫ్ జాకెట్ల కుప్ప మధ్య నిలబడి పనివాళ్ళకు పనులు పురమాయిస్తున్నాడు. గోడకు చేప నిలువెత్తు ఫొటో ఆనించి ఉంది. కట్ట మీద కట్టడానికి సిద్ధం చేసిన బ్యానర్ అది. ఫొటోలో కూడా పళ్ళికిలిస్తూనే ఉన్నాడు. డిటెక్టివ్ దానికి వీపు పెట్టి నిలబడింది.

“నా సొంత తమ్ముడు లాంటివాడు మేడం,” అన్నాడు మేనేజర్. “ఈ పోటీ ఇక మీదట ఏటా వాడి పేరు మీదే.”

“ఆ రోజు పొద్దున తూము తీయమని ఎవరు చెప్పారు?”

“నేనే. నీళ్ళు రేవు కింది మెట్టు దాటాయి. సీజన్ ప్రారంభానికి పెద్దవాళ్ళొస్తున్నారు, కాస్త దించమని తూము అన్నకి ఫోన్ చేశాను. ఎప్పుడూ చేసేదేగా.”

తూము అన్న అంటే చేప తండ్రి. తూము తెరవడం, మూయడం అతని ఉద్యోగం.

“అప్పుడు చేప నీళ్ళలో ఉన్నాడని నీకు తెలుసా?”

“తెలిస్తే ఆ ఫోన్ చేస్తానా? ఎంత మాటన్నారు.”

“నువ్వెక్కడున్నావు?”

“ఇక్కడే. ఈ గది దాటలేదు.”

డిటెక్టివ్ కిటికీ దగ్గరికి వెళ్ళింది. రేవు కనిపిస్తోంది, నీళ్ళు కనిపిస్తున్నాయి, ఈతగాళ్ళు దాటకుండా కట్టిన తేలే బంతుల తాడు కనిపిస్తోంది. తూము చక్రం ఉన్న చోటికి మాత్రం పడవల షెడ్డు అడ్డం వచ్చింది.

“అంతకు ముందు సాయంత్రం చేపకీ నీకూ మాటా మాటా పెరిగిందట.”

మేనేజర్ నవ్వాడు. “వాడి కంగారు మీకు తెలీదా? కట్ట కింద తడిగా ఉందని గోల. మట్టికట్ట తడిగా ఉండక ఇస్త్రీ బట్టలా ఉంటుందా మేడం?”

“కట్ట కింద ఎక్కడ?”

నవ్వు మొహం మీద అలాగే ఉంది గానీ కళ్ళలోంచి మాత్రం జారిపోయింది. “ఏమో, సరిగా వినలేదు. ఇన్‌స్పెక్టర్ గారూ, టీ చెప్పమంటారా?”

“చెప్పు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“వద్దు,” అంది డిటెక్టివ్. “టీ బడ్డీ చేప వాళ్ళమ్మది. మేమే వెళ్ళి తాగుతాం.”

* * *

కట్ట మీంచి నీళ్ళలోకి ఒక ఇనుప వంతెన పొడుచుకొచ్చి ఉంది. దాని చివర, నిలబడిన మనిషి ఛాతీ ఎత్తున, తూము చక్రం. తండ్రి దాని పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. సెలవు పెట్టమని ఎంతమంది చెప్పినా వినలేదట.

“ఎవరు చేశారో తెలిసిందా అమ్మా?” ఆమెను చూడగానే అడిగాడు. మూడు రోజులుగా ఆమె కనిపిస్తే అతను అడిగేది ఈ ఒక్క మాటే.

“ఇంకా లేదన్నయ్యా. ఒక్క సంగతి చెప్పు. ఈ చక్రం తిప్పితే కింద ఏమవుతుంది?”

“నీళ్ళడుగున గొట్టం మూతి తెరుచుకుంటుంది. నీళ్ళు కట్ట కింది నుంచి కాలువలోకి పోతాయి. మూతికి ఇనుప జాలీ ఉంటుంది, చెత్త పోకుండా.”

“చదరాల జాలీయా?”

“ఆఁ.”

ఆమె వెనక ఇన్‌స్పెక్టర్ ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది.

“జాలీకి నాచు పడితే?”

“చేప దిగి తీసేవాడు.” తండ్రి గొంతు తగ్గించాడు. “వాళ్ళమ్మకి తెలీదమ్మా. తెలిస్తే దిగనిచ్చేది కాదు. తూము మూసి ఉంటే ఏమీ కాదు. మూతి దగ్గర మనిషి ఉండగా తెరిస్తే మాత్రం నీళ్ళు లాక్కుని జాలీకి అతికించేస్తాయి, మళ్ళీ తూము మూసేదాకా నలుగురు పట్టి లాగినా ఊడిరాడు. అందుకే మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. దిగేముందు వాడు చొక్కా విప్పి ఈ చక్రానికి కట్టాలి. చొక్కా ఉందంటే వాడు కింద ఉన్నట్టు. ఎవరు చెప్పినా నేను చక్రం ముట్టుకోను. పైకొచ్చాక వాడే విప్పాలి. ఇంకెవరూ విప్పకూడదు. చెప్పుకోవడాలు, అరుచుకోవడాలు లేవు. చొక్కా చూస్తే చాలు.”

డిటెక్టివ్ చక్రం మీద చెయ్యి వేసింది. వేళ్ళకు ఎర్రగా తుప్పు అంటింది.

“ఈ పద్ధతి ఇంకెవరికి తెలుసు?”

“ఇంకెవరికీ తెలీదు. మేనేజర్ తమ్ముడికి తెలుసంతే. జాలీ శుభ్రం చెయ్యమని వాడికి పురమాయించేది ఆయనేగా.”

“ఆ రోజు పొద్దున?”

“చొక్కా లేదమ్మా.” ఆ మాట ఎన్నిసార్లు తనలో తనే అనుకున్నాడో, అరిగిపోయిన నాణెంలా ఉంది. “వచ్చి చూశాను. లేదు. చుట్టూ చూశాను, చెప్పులు కూడా లేవు. ఫోన్ వచ్చింది, తిప్పాను. చక్రం మామూలుగానే తిరిగింది. నీళ్ళ చప్పుడే కొంచెం తేడాగా వచ్చింది, గొంతుకేదో అడ్డం పడినట్టు. నాచు పట్టిందనుకున్నా. చేప కనిపిస్తే తీయమని చెబుదామనుకున్నా.”

కింద నీళ్ళు ఇనుప స్తంభాలను తడుతున్నాయి.

తండ్రి తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. “వాడు రేవు మీంచి దూకాడని ఇన్‌స్పెక్టర్ గారే చెప్పారు. అవునా సార్? రేవు ఇక్కడికి చాలా దూరం. అంతే కదమ్మా?”

డిటెక్టివ్ వృత్తిలో అబద్ధం చెప్పాల్సిన సందర్భాలు చాలా వచ్చాయి, ఏనాడూ తడుముకోలేదు. ఈ మనిషికి ఒక్క ‘అవును’ చెప్పడానికి ధైర్యం చాలలేదు.

ఇన్‌స్పెక్టర్ ఆమె మోచెయ్యి పట్టుకుని కట్ట మీదికి లాక్కొచ్చాడు. “ఇంకేముంది, తేలిపోయింది. తిప్పింది అతనే. నిర్లక్ష్యం వల్ల మరణం. స్టేషన్‌కి తీసుకెళ్ళాలి.”

“పొద్దుటిదాకా ప్రమాదమన్నావు.”

“పొద్దుటిదాకా నువ్వు జాలీ సంగతి చెప్పలేదు.”

“కొడుకుని పోగొట్టుకున్నవాడికి సంకెళ్ళు వేసి, నీ సంతకం తప్పు కాలేదనిపించుకుంటావా?”

“నాకు నేర్పించకు అక్కా. ఆ కుర్చీ ఖాళీ చేసింది నువ్వు.” అతను వంతెన వైపు చెయ్యి చూపించాడు. “చొక్కా లేదని అతనంటున్నాడు. అతని మాట తప్ప సాక్ష్యం ఏముంది? చొక్కా చూసుకోకుండా తిప్పేసి, ఇప్పుడు భయపడి దాచేశాడేమో.”

“అయితే చొక్కా దొరకాలి. అరగంట ఆగు. దొరక్కపోతే నేనే దగ్గరుండి జీపెక్కిస్తాను.”

* * *

దొరకడానికి అరగంట పట్టలేదు. అడగ్గానే దొరికింది.

“నీలం చొక్కానా? నా దగ్గరే ఉంది మేడం,” అంది చేప తల్లి. టీ బడ్డీ వెనక గోడకు తగిలించిన సంచీలోంచి తీసి, రెండు చేతులతో పట్టుకుని చూపించింది. ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టిన చొక్కా. “అడిగేవాళ్ళు లేక చెప్పలేదు. ఇల్లు కదిలితే వెంట తెచ్చుకుంటున్నా. పిచ్చిదాన్ననుకోకండి.”

“నేనెందుకు అనుకుంటాను వదినా.” డిటెక్టివ్ బల్ల అంచు పట్టుకుంది. “నీ దగ్గరికెలా వచ్చింది?”

“ఆ రోజు పొద్దున చినుకులు పడ్డాయి గుర్తుందా? మేనేజర్ తమ్ముడు ఇటొచ్చి, ‘అక్కా, మీవాడి చొక్కా తూము చక్రం మీద తడిసిపోతోంది, పెద్దవాళ్ళొచ్చే వేళకి వాడు ముద్దలా కనిపిస్తాడు, పోయి తెచ్చుకో’ అన్నాడు. నిజమేగా అని పరిగెత్తి తెచ్చాను. స్టవ్ దగ్గరే ఉతికి ఆరబెట్టా. పదింటికి వాడు సభలో నిలబడాలి, ఇస్త్రీ కూడా చేశాను.” చొక్కా చేతి మడత విప్పింది. మణికట్టు దగ్గర ఎర్రటి మరకలు. “వీటినే వదిలించలేకపోయాను. ఏ చొక్కా తీసినా ఈ తుప్పే. చిలక్కొయ్య లాంటి చక్రం దొరికింది వాడికి. ఎన్నిసార్లు తిట్టానో, అక్కడెందుకు తగిలిస్తావురా అని. నవ్వి ఊరుకునేవాడు.”

ఇన్‌స్పెక్టర్ బడ్డీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. డిటెక్టివ్ అతని వంక చూసింది. అతను చూపు దించుకున్నాడు. అక్కడున్న ముగ్గురిలో ఇద్దరికి ఇప్పుడు అంతా తెలుసు.

“చెప్పులు వదినా?” అంది డిటెక్టివ్. “చెప్పులు కూడా అక్కడే ఉన్నాయా?”

“వంతెన మొదట్లో ఉన్నాయి. కాళ్ళతో ఎక్కడ తొక్కాడో, బురద బురద. చెప్పులు తడిస్తే ఏమవుతుందిలే అని వదిలేశా.” ఆమె ఆగింది. డిటెక్టివ్ మొహాన్ని అప్పుడు సరిగా చూసింది. “ఏమైంది మేడం? అలా అయిపోయారేంటి?”

“ఏమీ లేదు.”

“ఆ చొక్కా అక్కడెందుకు కడతాడు?”

డిటెక్టివ్ మరుగుతున్న నీళ్ళ కింద స్టవ్ కట్టేసింది.

“చెబుతాను వదినా,” అంది డిటెక్టివ్. “ఒక్క పని చూసుకుని వచ్చి చెబుతాను. అంతవరకూ ఇక్కడే కూర్చో. నా మీద ఒట్టు, ఎక్కడికీ వెళ్ళకు.”

ఇద్దరూ బయటికి వచ్చి పది అడుగులు వేశారు. ముందు ఇన్‌స్పెక్టరే నోరు విప్పాడు. “తల్లి చేత తీయించి, తండ్రి చేత తిప్పించాడు.”

“చెప్పులు చూస్తే తండ్రి ఆగిపోతాడని వాటిని మాత్రం తనే తీసి రేవు మీద పెట్టాడు. ఎందుకో కూడా చెబుతాను, నాతో రా. ఆ మట్టి ఎక్కడిదో చూడాలి.”

* * *

కట్ట వెనక వైపు, వాలు దిగి నేలను కలిసే చోట, పచ్చిక మైదానం. దానికి అవతల వీధులు, ఇళ్ళు. బహుమతులివ్వడానికి చెక్క వేదిక కట్టారు. ఇంత మైదానం ఉండగా, తెచ్చి కట్ట అడుగుకు ఆనించి కట్టారు. ముందు వరసంతా పూలకుండీలు.

పైన కట్ట మీద జనం గుమిగూడుతున్నారు. మైకులో మేనేజర్ గొంతు వినిపిస్తోంది: “మన చేప ఎక్కడున్నా మనల్ని చూస్తూనే ఉంటాడు…”

డిటెక్టివ్ రెండు కుండీలు పక్కకు జరిపి మోకాళ్ళ మీద కూర్చుంది. “పట్టు తమ్ముడూ.” ఇద్దరూ కలిసి వేదిక చెక్క పలక ఒకటి పెరికారు.

కింద చీకట్లో నీళ్ళు కదులుతున్నాయి. నేలలోంచి గిన్నెంత వెడల్పున ఊట ఉబుకుతోంది. దాని చుట్టూ మట్టి చిన్న పుట్టలా పేరుకుని ఉంది. ఆమె దోసిలి పట్టి వెలుగులోకి తెచ్చింది. పసుపుపచ్చటి నీళ్ళు.

“ఊట తేటగా వస్తే భయం లేదు. ప్రతి మట్టికట్టా కొంచెం చెమరుస్తుంది. బురదగా వచ్చిందంటే లోపలి మట్టి కొట్టుకుపోతోందని, నీళ్ళు దారి తవ్వుకుంటున్నాయని అర్థం,” అంది.

“నీకెవరు చెప్పారు?”

“ఈత నేర్పినవాడు. కట్ట మీద కూర్చోబెట్టి అన్నీ చెప్పేవాడు. వినకపోతే నీళ్ళు చల్లేవాడు.” ఆమె దోసిలి వదిలేసింది. “ముందు రోజు సాయంత్రం వాడు ఇది చూశాడు. చెరువు మూసెయ్యమని మేనేజర్‌తో గొడవపడ్డాడు. మర్నాడు పొద్దున మళ్ళీ చూసుకుని, ఆ చెప్పులతోనే పైకెళ్ళాడు. జాలీ శుభ్రం చేసి ఉంచితే నీళ్ళు త్వరగా దింపొచ్చనుకున్నాడేమో, దిగాడు. సీజన్ పోతుందని వీడు వాణ్ణి పైకి రానివ్వలేదు. ఆ పైన దీని మీద పలకలు పరిచాడు.”

ఇన్‌స్పెక్టర్ అప్పటికే వాలు ఎక్కుతున్నాడు. ఆమె వెనకే ఎక్కింది.

మైకు ఆగిపోయింది. జనం మధ్యలో ఇన్‌స్పెక్టర్ చెయ్యి మేనేజర్ కాలరు మీద ఉంది. మేనేజర్ గట్టిగా అరవలేదు. మర్యాదగానే, వాళ్ళిద్దరికే వినిపించేలా అన్నాడు: “చొక్కా తీసింది తల్లి. చక్రం తిప్పింది తండ్రి. ఏ కోర్టుకైనా పదండి. నా వేలు ఎక్కడుందో చూపించండి.”

“చెప్పుల మీద,” అంది డిటెక్టివ్. “తల్లి వాటిని వంతెన దగ్గరే వదిలేసింది. తండ్రి వచ్చేసరికి అవి అక్కడ లేవు. మధ్యలో వాటిని మోసినవాడు, గది దాటలేదని నాతో చెప్పిన వాడొక్కడే. అది తర్వాత. ముందు చెప్పు, ఆ ఊట బురదగా మారి ఎన్నాళ్ళయింది?”

మేనేజర్ చూపు కట్ట కింది వేదిక మీదికి పోయింది. ఆ చూపే జవాబు.

ఇన్‌స్పెక్టర్ అతన్ని కానిస్టేబుల్ చేతికి అప్పగించి మైకు అందుకున్నాడు. జనాన్ని రెండు వైపులకూ కట్ట దిగిపొమ్మన్నాడు. కింది వీధుల్లో ఇళ్ళు ఖాళీ చేయించమని మనుషుల్ని పంపాడు. ఆ పని మాత్రం చక్కగా చేశాడు. ఆమె దగ్గర నేర్చుకున్నట్టే చేశాడు.

“అక్కా, నీళ్ళు దించాలి. తూము తీయించు. నేను కింద చూసుకుంటా.”

ఆమె వంతెన వైపు పరిగెత్తింది. మొదట్లోనే ఆగిపోయింది.

చక్రానికి నీలం చొక్కా కట్టి ఉంది. ఇస్త్రీ మడతలు ఇంకా చెదరలేదు. రెండు చేతులూ చక్రం చుట్టూ తిప్పి, గట్టిగా ముడివేసి ఉన్నాయి. ఒక పక్క తండ్రి, ఇంకో పక్క తల్లి. మధ్యలో చొక్కా. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు. చెబుతానన్న మనిషి తిరిగొచ్చేదాకా తల్లి ఆగలేదు. వచ్చి, ఈ చక్రం పక్కన కూర్చున్న మనిషినే అడిగింది. ఆ మనిషి చెప్పాడు.

“అన్నయ్యా, తూము తియ్యి,” అంది డిటెక్టివ్. “కట్ట కింద బురద ఊట వస్తోంది. తెగితే కింద వీధులు మిగలవు.”

తండ్రి తల అడ్డంగా ఊపాడు. మొండితనంతో కాదు. పని తెలిసినవాడు, తెలియనివాళ్ళకు చెప్పినంత నెమ్మదిగా చెప్పాడు.

“చొక్కా ఉందమ్మా. వాడు కింద ఉన్నాడు.”

“అన్నయ్యా…”

“చొక్కా ఉండగా ఎలా తిప్పమంటారు? ఒకసారి తిప్పాను కదా.”

కట్ట కింది నుంచి ఇన్‌స్పెక్టర్ కేక వినిపించింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. వేదిక చెక్కలు ఒక పక్కకు ఒరిగిపోయాయి. గిన్నెంత ఊట ఇప్పుడు బిందె మూతిని మించింది. పచ్చిక మీద పసుపు నీళ్ళు పాయలు పాయలుగా వీధుల వైపు పాకుతున్నాయి.

ఆమె ఒక్క అడుగు వేసి చొక్కా ముడి మీద చెయ్యి పెట్టింది. తండ్రి ఆ చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా కాదు. “మీరు విప్పకూడదమ్మా. కట్టినవాళ్ళే విప్పాలి.”

ఆ చేతిని విదిలించుకోవడం చిన్న పిల్ల వల్ల కూడా అవుతుంది. డిటెక్టివ్ వల్ల కాలేదు. నీళ్ళతో పోట్లాడకండి ఆంటీ, అన్న గొంతు చెవిలో వినిపించింది. ఆమె తల్లి వైపు తిరిగింది. ఈ చొక్కాను ఒకసారి ఈ చక్రం మీంచి తీసిన మనిషిని మళ్ళీ తియ్యమని ఏ నోటితో అడుగుతుంది?

తల్లి లేచి నిలబడింది. కాసేపు నీళ్ళలోకి చూసింది. తర్వాత చొక్కా చేతులు పట్టుకుని, బడి నుంచి వచ్చిన పిల్లాడి గుండీలు విప్పినంత జాగ్రత్తగా, ఒక్కొక్క ముడీ విప్పింది. తీసి భుజాన వేసుకుంది. మొగుడి పక్కకు వచ్చి, అతని చెయ్యి పట్టి చక్రం మీద పెట్టింది, దాని మీద తన చెయ్యి పెట్టింది.

“పైకొచ్చేశాడయ్యా,” అంది. “నే చూశాను. తిప్పు.”